ప్రాకారరక్షణకు భాష: చిత్రమా, శబ్దమా?

ఆలయమునకు ప్రాకారమెంత అవసరమో, ప్రాకారమునకు ద్వారమంత అవసరము. ఎవరిని లోనికి రానీయవలెను, ఎవరిని ఆపవలెను, ఏ వేళ తెరవవలెను, ఏ వేళ మూయవలెను అను నిర్ణయమే ప్రాకారమునకు ప్రాణము. ఈ నిర్ణయమును కంప్యూటరునకు ఏ రూపమున తెలుపవలెను? బొమ్మలు, బొత్తాములు గల చిత్రఫలకము ద్వారానా, అక్షరములతో పంక్తి వెంట పంక్తిగా వ్రాయు ఆదేశముల ద్వారానా? గడచిన సంవత్సరము మా ఆలయ కార్యవర్గము ముందుకు వచ్చిన ప్రశ్న ఇది. వేదపాఠశాలలో చదువుకొన్న అర్చకునకు దీనితో పనియేమని విజ్ఞులైన పాఠకులు అడుగవచ్చును. విధినిషేధ విచారణయే మా చదువు గనుక నాకిది పరాయి విషయముగా తోచలేదు. నేను తెలిసికొన్నంతవరకు, నాకు తోచినంతవరకు ఇచ్చట నివేదించుచున్నాను.

మా ఆలయము హైదరాబాదు పాతనగరమున లాల్ దర్వాజాకు సమీపమున ఉన్నది. ఇచ్చట పేటల పేర్లే ద్వారముల పేర్లు: లాల్ దర్వాజా, ఫతే దర్వాజా, దబీర్‌పురా దర్వాజా. మొగలుల సుబేదారు ముబారిజ్ ఖాన్ ఆరంభించిన నగరప్రాకారమును మొదటి నిజాము ఆసఫ్ జా పూర్తి చేయించెను. పెద్ద ద్వారములను దర్వాజాలనియు, చిన్నవానిని ఖిడ్కీలనియు పిలిచెడివారు. 1908 సెప్టెంబరులో వచ్చిన మూసీ వరదకు ఆ గోడ కొంత కూలెను. తరువాత పెరిగిన నగరము మిగిలినదానిలో అధికభాగమును మ్రింగెను. నేడు పురానాపూల్ దర్వాజాను, దబీర్‌పురా దర్వాజాను కన్నులార చూడవచ్చును. ఆ రాతిని చూచినవారికి గోడ ఎచ్చట నుండెనో తెలియును. ఏ రాత్రి ఎవరిని ఎందుకు ఆపిరో రాయి చెప్పదు. ద్వారము వేరు, ద్వారమును కాచు నియమము వేరు. ఈ భేదమును మనస్సున నిలుపుకొని ముందునకు పోవుదము.

మా ఆలయము చిన్నది. అయినను రసీదుల గదిలో ఒక కంప్యూటరు, సీసీ కెమెరాలు, వాటి దృశ్యములను భద్రపరచు డీవీఆర్ అను పేటిక, పర్వదినములలో పూజను ప్రత్యక్షప్రసారము చేయు మరియొక కెమెరా, భక్తుల ఫోన్లకు వైఫై ఉన్నవి. ఇవన్నియు ఒకే తీగ ద్వారా బాహ్యప్రపంచమును చేరును. ఆ తీగకును మా యంత్రములకును నడుమ నిలుచునదే ఫైర్‌వాల్. ఒక ఇంట పుట్టిన నిప్పు ప్రక్క ఇంటికి ప్రాకకుండ కట్టు గోడకు ఆంగ్లమున గల పేరిది, మనము అగ్నిప్రాకారమనవచ్చును. సమాచారము చిన్న చిన్న పొట్లములుగా ప్రయాణించును. ప్రతి పొట్లముపై ఎచ్చట నుండి వచ్చినదో, ఎచ్చటికి పోవలెనో, ఏ పోర్టును తట్టుచున్నదో వ్రాసియుండును. అగ్నిప్రాకారము వీనిని చూచి, లోపలివారు ఆరంభించిన సంభాషణకు ఇది ప్రత్యుత్తరమా కాదా అని కూడ విచారించి, రానిచ్చును లేదా ఆపును. ఆపుటలోను రెండు రీతులు గలవు: ప్రవేశము లేదని చెప్పి పంపుట ఒకటి, మౌనముగా విడిచివేయుట మరియొకటి. మౌనము వహించినచో వచ్చినవాడు అచ్చట ద్వారమున్నదో లేదో తెలియక నిరీక్షించుచుండును.

ఈ పని ఎంత సున్నితమైనదో భాగవతములోని జయవిజయుల కథ తెలుపుచున్నది. సనకాది మునులు దిగంబరులైన బాలుర రూపమున వైకుంఠద్వారమునకు వచ్చిరి. ద్వారపాలకులు రూపమును చూచి ఆపిరి. ఆపవలసినవారిని ఆపుట వారి ధర్మమే. రానీయవలసినవారిని ఆపినందుకు వైకుంఠమునే విడువవలసి వచ్చెను. యంత్రమునకు శాపము తగులదు. దాని పొరపాటునకు ఫలమును ఆలయము అనుభవించును.

ఇక మా ఆలయమున జరిగినది చెప్పెదను. కెమెరాలను అమర్చుటకు వచ్చిన పనివాడు, అధ్యక్షులు ఇంటి నుండి ఫోనులో దృశ్యములు చూడవలెనని కోరగా, డీవీఆర్ తెరపై ఒక చిన్న గడిలో టిక్కు పెట్టి వెళ్ళెను. ఆ గడికి ప్రక్కన దూరదర్శనమునకు అనుమతి అను అర్థము గల మాట ఉన్నది. చూచువారికి అది ఒక టిక్కు మాత్రమే. దాని వెనుక జరిగినది వేరు. యూపీఎన్‌పీ అను ఏర్పాటు ద్వారా ఆ పేటిక తానే రూటర్‌ను అడిగి బయటి ద్వారమును తెరిపించుకొనెను. కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డే అట్లే ఉండెను. అధ్యక్షుల కొరకు తెరచిన ద్వారము లోకమునకంతకు తెరచుకొన్నది. ఆ కెమెరాలలో ఒకటి హుండీ లెక్కించు గదిలో ఉన్నది.

నా మేనల్లుడు అప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగము చేయుచుండెడివాడు. ఒక శనివారము దర్శనమునకు వచ్చి, తన ఫోను నెట్‌వర్కు మీదుగా ఎన్‌మ్యాప్ అను సాధనముతో ఒక్క పంక్తి ఆదేశమిచ్చి, తెరచియున్న పోర్టుల పట్టిక నా ముందు పెట్టెను. "మామయ్యా, గుడి తలుపులు రాత్రి తొమ్మిదికి మూస్తారు. ఈ తలుపు ఎప్పుడూ మూయలేదు" అనెను. ఎవరైనను చూచిరా అని అడిగితిని. ఆ పేటిక అట్టి వివరములను వ్రాసిపెట్టలేదు; ఆ ప్రశ్నకు నేటికిని ఉత్తరము లేదు. ఇట్టి కెమెరాలను, డీవీఆర్‌లను వాటి కర్మాగార పాస్‌వర్డులతోనే వశపరచుకొని, 2016లో మిరాయ్ అను దుష్టప్రయోగముతో అమెరికాలో పేరొందిన వెబ్‌సైట్లను గంటల తరబడి అందకుండ చేసిరని అతడు చెప్పెను. అనగా మన ద్వారము తెరచియుండుట మన నష్టముతో ముగియదు. ఇతరుల ఇంటిపై దాడికి మన ఇల్లు ఆయుధమగును.

పిమ్మట అతడు ఒక పాత కంప్యూటరులో లినక్స్ ఉంచి దానినే అగ్నిప్రాకారముగా నిలిపెను. అతడు వ్రాయుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. అప్పుడు తెలిసినది: చిత్రఫలకమైనను, ఆదేశపంక్తియైనను అగ్నిప్రాకారము కాదు. నిర్ణయము చేయునది లినక్స్ గర్భమున ఉన్న నెట్‌ఫిల్టర్. దానితో మాటలాడుటకు 2001లో వచ్చిన 2.4 సంచికతో ఐపీటేబుల్స్ అను ఆదేశము ప్రసిద్ధమైనది, 2014లో 3.13 సంచికతో ఎన్‌ఎఫ్‌టేబుల్స్ చేరినది. అవి కఠినములని తోచినవారి కొరకు ఉబుంటు సంచికలలో 2008 నుండి యూఎఫ్‌డబ్ల్యూ అను సులభాదేశము ఉన్నది. దాని మీద జీయూఎఫ్‌డబ్ల్యూ అను చిత్రఫలకము. స్థూలము వెనుక సూక్ష్మము, సూక్ష్మము వెనుక కారణము ఉన్నట్లు, బొత్తాము వెనుక ఆదేశము, ఆదేశము వెనుక గర్భస్థమైన నియమము ఉన్నవి. బొత్తామును నొక్కువాడు మూడవ తెర నుండి మాటలాడుచున్నాడు. ప్రతి తెరయు కొంత అనువదించును. అనువదించునపుడు కొంత మరుగుపరచును.

అన్నింటికంటె ముందుగా మరుగుపడునది క్రమము. మా అగ్నిప్రాకారమున నియమములను పై నుండి క్రిందికి చదివి, మొదట కుదిరిన నియమముతో విచారణ ముగింతురు. "డీవీఆర్‌ను ఎవరును చేరరాదు" అను నియమము పైన, "రసీదుల గది కంప్యూటరు చేరవచ్చును" అను నియమము క్రింద ఉన్నచో రెండవది ఉండియు లేనట్లే. ఓపెన్‌బీఎస్‌డీ వారి పీఎఫ్ అను అగ్నిప్రాకారము దీనికి విపరీతము: ప్రత్యేకముగా చెప్పనిచో, చివర కుదిరిన నియమమే అచ్చట చెల్లును. అవే రెండు వాక్యములు ఒకచోట నిషేధము, మరియొకచోట అనుమతి యగును.

ఇది వినగానే నాకు పాఠశాల దినములు స్మరణకు వచ్చినవి. పాణిని వ్యాకరణమున తుల్యబలము గల రెండు సూత్రములకు విరోధము కలిగినపుడు పరమైనది, అనగా తరువాత చెప్పబడినది నిలుచును. జైమిని మీమాంసలో శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య అను ఆరింటికి విరోధము కలిగినపుడు పూర్వపూర్వమే బలీయము. రెండు శాస్త్రముల ప్రయోజనములు వేరు. యంత్రమునకును వాటికిని సంబంధము నేను కల్పింపను. కాని విరోధమున ఏది నిలుచునో ముందే చెప్పని శాస్త్రము శాస్త్రము కాదని రెండును ఒప్పుకొనుచున్నవి. కొన్ని చిత్రఫలకములు నియమములను రంగుల పెట్టెలుగా, ప్రాంతములుగా విభజించి అందముగా చూపును. ఆ అందములో ఏది ముందో, ఏది వెనుకో కనబడదు. అన్ని నియమములును ముగిసిన తరువాత చెప్పనిదానికి గతి ఏమి, అనుమతియా నిషేధమా అను చరమనిర్ణయము మరియొక పుటలో ఎచ్చటనో దాగియుండును. పంక్తులుగా వ్రాసిన నియమములందు క్రమము వ్రాతలోనే ఉన్నది. దానిని సంహితవలె పైకి చదువవచ్చును, ప్రతిని తీయవచ్చును, నిన్నటి ప్రతిని నేటి ప్రతిని ప్రక్కప్రక్కన పెట్టి ఒక్క అక్షరము మారినను పట్టుకొనవచ్చును.

ఇంతమాత్రమున శబ్దమే శ్రేష్ఠమని తీర్పు చెప్పుటకు వీలులేదు. శబ్దమునకు దాని ప్రమాదము దానికి గలదు. మేనల్లుడు ఉద్యోగరీత్యా డాలస్ నగరమునకు వెళ్ళెను. వైకుంఠ ఏకాదశి నాడు తెల్లవారుజామున, అనగా అచ్చట ముందునాటి సాయంకాలమున, ప్రత్యక్షప్రసారము కొరకు నియమములను సరిదిద్దబోయి, పాతవానినన్నింటిని తుడుచు ఆదేశమును ముందుగా ఇచ్చెను. నియమములు పోయినవి. చెప్పనిదంతయు నిషేధము అను చరమనిర్ణయము మాత్రము పోలేదు. ఆ నిషేధము మొదట తగిలినది అతనికే. డాలస్ నుండి తెరచిన త్రోవ తెగిపోయెను, ప్రసారము ఆగెను. ఉత్తరద్వారమున వేలమంది నిలిచియుండగా, గౌలీపురాలో మంచము దిగలేని ఒక వృద్ధురాలు, ప్రతి సంవత్సరము ఫోనులోనే ఉత్తరద్వారదర్శనము చేసికొనునామె, నల్లని తెర ముందు కూర్చుండెను. మా గుమాస్తా వెళ్ళి యంత్రమును ఆపి మరల పెట్టగా, ముందు భద్రపరచిన నియమములు తిరిగి వచ్చినవి. అప్పటికి ముప్పావు గంట గడచినది. చిత్రఫలకము చేయబోవు దానికి ముందు నిజమేనా అని ఒకసారి అడుగును. శబ్దము అడుగదు. ఉచ్చరించిన క్షణమే ఫలించును. అందుకే ఐపీటేబుల్స్-అప్లై వంటి సాధనములు ఉన్నవి: క్రొత్త నియమములను పెట్టి, నిర్ణీతకాలములో చేసినవాడు సరియని తిరిగి చెప్పనిచో పాతవానినే నిలుపును. మేనల్లుడు ఆనాటి నుండి దానిని విడువలేదు.

ఆ పర్వమే మరియొక సంగతిని నేర్పినది. ఉత్తరద్వారము ఆ ఒక్క దినమునకే తెరతుము. మరునాడు మూయుటయు ఆ విధిలో భాగమే. కలశమున ఆవాహన చేసినవాడు ఉద్వాసన చేయక లేవడు. యంత్రమున మాత్రము పర్వము కొరకు తెరచిన పోర్టు పర్వము గడచినను తెరచియే యుండును, ఎవరికిని గుర్తుండదు. ఫైర్‌వాల్‌డీ అను సాధనమున ఇంతకాలమునకే ఈ అనుమతి అని గడువుతో ఆదేశమిచ్చు వీలు గలదు. ఏ సాధనమున చేసినను సరే, తెరచునప్పుడే మూయు వేళను కూడ చెప్పుట అలవాటు కావలెను.

చిత్రమునకు గల గుణమును మా గుమాస్తా వలన తెలిసికొంటిని. ఆయనకు ఒక్క ఆదేశము రాదు. కాని రాకపోకలను గీతలుగా చూపు ఒక పుటను మేనల్లుడు ఆయన తెరపై ఉంచెను. ఒకనాడు ఉదయము ఆయన నా వద్దకు వచ్చి, "అయ్యవారూ, రాత్రి గుడి మూసినాక ఈ గీత కిందికి దిగాలె గదా, దిగలేదు" అనెను. విచారింపగా ఒక కెమెరా రాత్రియంతయు బయట ఏదో దేశములోని సర్వరునకు సమాచారము పంపుచున్నది. నియమముల పట్టికను నూరు మారులు పారాయణ చేసినను ఇది తెలిసెడిది కాదు. నియమము ఏమి కావలెనో చెప్పును; దృశ్యము ఏమగుచున్నదో చూపును. మరునాడే మా పట్టికలో క్రొత్త పంక్తి చేరినది: కెమెరాలు లోపలివారితో తప్ప ఎవరితోను మాటలాడరాదు.

లోపలి నుండి బయటికి పోవుదానిని విచారింపవలెనను విషయము చిన్నది కాదు. 2022 జనవరిలో ఇదే హైదరాబాదులో ఒక సహకార బ్యాంకు నుండి 12 కోట్ల రూపాయలకు పైగా దోచిరి. ఉద్యోగులకు మోసపు ఈమెయిళ్ళు పంపి, వానిని తెరచినవారి కంప్యూటరు ద్వారా లోపల పాదము మోపిరని పోలీసులు వెల్లడించిరి. ప్రాకారమును బ్రద్దలుకొట్టి వచ్చిన దొంగలు కారు. లోపలివారి చేతనే తలుపు తీయించుకొన్నవారు. అట్టి చోట బయటి ద్వారమునకు ఎంత గట్టి గడియ ఉన్నను చాలదు. ఒక గది నుండి మరియొక గదికి, లోపలి నుండి బయటికి పోవు త్రోవలకును కాపలా కావలెను. ఆలయమున మహాద్వారమొక్కటే ఉండదు. ముఖమంటపమునకు, అంతరాలయమునకు, గర్భాలయమునకు వేరు వేరు గడపలు ఉన్నవి. రసీదుల కంప్యూటరును, కెమెరాలను, భక్తుల వైఫైని ఒకే మంటపమున కూర్చుండబెట్టకుండుట ఆగమమెరిగినవానికి వింతగా తోచదు.

ఈ స్థితిలో ఒక వర్తకుడు కార్యవర్గము వద్దకు వచ్చి, అంతయు చిత్రఫలకముతోనే నడచు పెట్టెను ఇత్తుమనియు, పాత కంప్యూటరును తీసివేయవచ్చుననియు చెప్పెను. సభ్యులలో అనేకులు అంగీకరించిరి. వారి వాదము త్రోసిపుచ్చదగినది కాదు: "మీ మేనల్లుడు దూరదేశమున ఉన్నాడు. అతడు వ్రాసినది మాలో ఎవరికిని తెలియదు. రేపు అతనికి తీరిక లేనిచో మా గతి ఏమి?" ఈ ప్రశ్న నన్ను చాల దినములు విడువలేదు. పతంజలి మహాభాష్య కాలమునకు ఋగ్వేదమునకు 21, యజుర్వేదమునకు 101, సామవేదమునకు 1000, అథర్వవేదమునకు 9 శాఖలు చెప్పబడినవి. నేడు అధ్యయనమున నిలిచినవి కొలది. పోయిన శాఖలలో దోషము లేదు. ఒక తరమున చెప్పించుకొనుటకు శిష్యుడు లేకపోయెను, అంతే. ఒకే ఒక్కని వ్రేళ్ళకొనలలో ఉన్న ఆదేశములకు అదే గతి. అర్థము తెలియక ఎచ్చటి నుండియో ఎత్తి అతికించిన ఆదేశముల గతి అంతకంటె హీనము. అర్థమెరుగని అధ్యయనమును యాస్కుడు నిందించెను గదా.

కాని వర్తకుని పెట్టె ఆ ప్రశ్నకు ఉత్తరము కాదని నాకు తోచినది. బొత్తామును నొక్కుట ఎవరైనను నేర్తురు. ఆ కెమెరా పనివాడును నేర్చినాడు. ఏ ద్వారము ఎందుకు తెరచియున్నదో చెప్పగలవాడు లేనిచో, చిత్రమైనను శబ్దమైనను కాపలా లేని దర్వాజాయే. కనుక కార్యవర్గమునకు నేను విన్నవించినది ఇది. నియమములను మార్చుట పంక్తులుగా వ్రాసిన పట్టిక ద్వారానే జరుగవలెను. ప్రతి పంక్తికి పైన, ఇది ఎవరి కొరకు, ఎందుకు, ఎప్పటివరకు అని తెలుగులో ఒక వాక్యము ఉండవలెను. హ్యాష్ గుర్తుతో ఆరంభించిన వాక్యమును యంత్రము చదువక విడిచిపెట్టును, మనుష్యుడు చదువును. ప్రతిదినము చూచుట చిత్రఫలకము ద్వారా జరుగవలెను. దానికి చూపు హక్కే గాని మార్చు హక్కు ఉండరాదు. పట్టిక ప్రతి ఒకటి ఆలయ భూముల పత్రములతో పాటు ఇనుప బీరువాలో ఉండవలెను. ఒక్కని చేతిలో కాక ముగ్గురి నోట ఆ నియమములు ఉండవలెను.

చర్చ జరిగినది. వర్తకుని పెట్టెను సంవత్సరకాలము తరువాత మరల ఆలోచింతమని నిర్ణయించిరి. అందువలన పూర్తిగా గెలిచితినని నేను చెప్పను. వారి భయము నిజమైనదే. ఇప్పుడు ప్రతి నెల మొదటి శుక్రవారము గుమాస్తా, ఒక సభ్యుని కుమార్తెయైన ఇంజనీరింగు విద్యార్థిని, నేను రసీదుల గదిలో కూర్చుందుము. ఆమె పట్టికను పై నుండి క్రిందికి చదువును. ప్రతి పంక్తి వద్ద ఆగి, ఇది ఎందుకని మిగిలిన ఇద్దరము అడుగుదుము. ఉత్తరము చెప్పలేని పంక్తి ఆ దినమే పట్టిక నుండి తొలగును. మేనల్లుడు తీరికయున్నపుడు డాలస్ నుండి వినును. మొదటిమారు మా పట్టికలో 23 పంక్తులు ఉన్నవి. ఇప్పుడు 14 ఉన్నవి. ఆ పదునాలుగును మా ముగ్గురికి కంఠస్థము.

స్వస్తి.